వంటయిల్లు: కూరగిన్నెలో గృహిణి వంతు



ఈ మాసమున కూరగాయలను గూర్చి వ్రాయదలచితిని. కూరగాయలను గూర్చి మనకెవరు చెప్పవలెను, పుట్టినది మొదలు తరుగుచునే యున్నాము గదా యని మీరనుకొనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. మొన్న మా యింట జరిగిన యొక చిన్న సంగతి నా గర్వమును అణచివేసినది. ముందుగా దానిని చెప్పెదను.

మా కోడలికి బిడ్డ పుట్టి యేడాది నిండినది. కొన్ని నెలలుగా ఆమె మేడమెట్లెక్కినచో ఆయాసపడుచుండెను. తల త్రిప్పుచున్నదని పట్టపగలు పడుకొనుచుండెను. చంటిబిడ్డతో నిద్ర చాలక యలసినదని నేను తలచితిని. తుదకు వైద్యురాలికి చూపగా, రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 9 గ్రాములే యున్నట్లు తేలినది. గర్భవతి కాని స్త్రీకి డెసిలీటరు రక్తములో అది 12 గ్రాములకు తక్కువ కారాదట. ఆ వైద్యురాలు మందు వ్రాయుటకు ముందు మా కోడలిని ఒక్క ప్రశ్న యడిగెను: "నిన్న మధ్యాహ్నము ఏమి తింటివమ్మా?"

"అన్నము, ఆవకాయ, మజ్జిగ," అని మా కోడలు మెల్లగా చెప్పినది.

నేను ఊరకుండలేక, "అదేమమ్మా! నిన్న మన యింట గోంగూరపప్పు, బెండకాయ కూర, ములక్కాడ పులుసు చేయలేదా?" అంటిని.

"చేసితిమి అత్తయ్యా. నేను కూర్చుండునప్పటికి గిన్నెలలో మిగులలేదు," అని ఆమె తల వంచుకొనెను.

నాకు తల కొట్టివేసినట్లయినది. ముందు రోజు వడ్డించినది నేనే. మగవారికి, పిల్లలకు మారు వడ్డించితిని, నేను తింటిని. ఆమెకు మిగిలినదా లేదా యని గిన్నె మూత తీసి చూచినదానను కాను. నా అత్తగారి కాలమున నేనును ఆవకాయతోనే తిని లేచితిని గావున, అది నాకు వింతగా తోచలేదు.

ఇది మా యొక్క యింటి సంగతియే యైనచో ఇక్కడ వ్రాయకపోదును. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశమున ఆ లెక్క 58.8, తెలంగాణమున 57.6. అదే వయసు పురుషులలో దేశమున నూటికి 25 మందికే యీ బాధ కలదు. నెలసరి వలనను, కాన్పుల వలనను స్త్రీ శరీరమునుండి ఇనుము తరగిపోవుచుండును. అందువలన పెద్దవాడైన పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నిర్ణయించిరి. అనగా ఒకటిన్నర రెట్లు. ఎక్కువ కావలసినవారు చివర కూర్చుండి తక్కువ తినుచున్నారు. మన వంటయింటి లెక్కలో పెద్ద తప్పు ఇదియే.

ఎంత కూర కావలెను?

ఆ సంస్థవారే 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, రెండు వేల క్యాలరీల భోజనమునకు దినమంతటికి కావలసిన పదార్థములను తూచి చెప్పిరి. ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. బియ్యముకంటె కూరగాయలు బరువున ఎక్కువ! మన విస్తళ్లలో అన్నము కొండవలె నుండి, కూర దాని ప్రక్కన గోరంత యుండుట మన మెరిగినదే.

తులముల లెక్క ఇపుడెవరికిని గుర్తుండదు గాన, సంతకు పోవునపుడు సులభముగా జ్ఞాపకముండునట్లు చెప్పెదను. అయిదుగురు పెద్దవారున్న యింటికి దినమునకు రెండు కిలోల కూరగాయలు. మొదట వినినపుడు నేనును బెదరితిని. కాని రెండు పూటలకు పంచి చూడుడు. పప్పులో వేయు ఆకుకూర అరకిలో. పొడికూరకు ముప్పాతిక కిలో. పులుసులోని ముక్కలు అరకిలో. పచ్చడికో, పెరుగుపచ్చడికో పావుకిలో. లెక్క సరిపోయినది. ఆకుకూర అరకిలో తెచ్చిన బుట్ట నిండును గాని, ఉడికినపిదప గిన్నె అడుగునకు దిగును. కనుక పచ్చిగా నున్నపుడు చూచి ఎక్కువయ్యెనని భయపడవలదు.

ఒక్క కూరనే పట్టుకొని యుండరాదు

మాకు తెలిసిన యొక యింట వారమునకు నాలుగు దినములు బంగాళాదుంప వేపుడే. పిల్లలు మరియొకటి ముట్టరని ఆ తల్లి చెప్పును. బంగాళాదుంప చెడ్డదని కాదు. అది అన్నమువలె పిండిపదార్థము. అన్నములో దానిని కలిపి తినుట అన్నములో అన్నము కలిపి తినుట వంటిది.

భూమి మనకు ఇన్నివిధముల కాయలను, ఆకులను ఇచ్చుటలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రయోజనము కలదు. గుమ్మడి, క్యారెట్టు వంటి పసుపు, నారింజవన్నె కూరలలో కంటిచూపును కాపాడు ఏ విటమినునకు మూలమైన కెరోటిను ఉండును. చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద కాయలలో పీచు మెండు. గోరుచిక్కుడునే తెలంగాణమువారు గోకరకాయ యందురు. బీర, పొట్ల, దొండ, కాకర, ఆనపకాయలు కడుపు నింపును గాని బరువు పెంచవు. మధుమేహము గలవారికి మేలైనవి. కంద, చేమ, చిలగడదుంపలు కొంత అన్నమునకు బదులుగా తినదగినవి. అరటిపువ్వు, అరటిదవ్వ తీయుటకు ఓపిక కావలెను గాని, అవి యిచ్చు పీచునకు ఆ శ్రమ తగినదే.

వారమునకు నేను పెట్టుకొన్న నియమము సులభమైనది. ప్రతిదినము ఒక ఆకుకూర, ఒక తీగకాయ గాని చెట్టుకాయ గాని, పులుసులో రెండు మూడు విధముల ముక్కలు. ఒకసారి వండినది మరల మూడు దినములవరకు వండరాదు. ఇంతే. సంక్రాంతికి గుమ్మడి, చిక్కుడు, వంకాయ, చిలగడదుంప మొదలగువానినన్నిటిని కలిపి వండు కలగాయకూరలో మన పెద్దలు చూపినదియు ఈ త్రోవయే. దానిని పండుగ దినమునకే విడిచిపెట్టితిమి.

ఆకులోని అమృతము

కూరలన్నిటిలో నేను మీ పాదములంటి వేడుకొనునది ఆకుకూరలను గూర్చి. తోటకూర, పాలకూర, మెంతికూర, చుక్కకూర, బచ్చలి, పొన్నగంటి, గంగవాయిలి, గోంగూర, మునగాకు: ఇన్నియుండగా మనకు రక్తము లేకపోవుటయేమి? గోంగూరను తెలంగాణములో పుంటికూర యందురు. పేరేదైనను రుచి యొక్కటియే.

ఆకుకూరకును రక్తమునకును గల చుట్టరికమును శాస్త్రజ్ఞులు కనిపెట్టిన కథలో మన దేశమునకు, మన తెలుగువానికి గొప్ప పాత్ర కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు కలుగుచుండిన ఘోరమైన రక్తహీనతను పరిశీలించెను. వారి ఆహారములో ఏదియో లోపించుటచే ఆ వ్యాధి కలుగుచున్నదనియు, ఈస్టు సారమును తినిపించినచో నయమగుచున్నదనియు ఆమె లోకమునకు తెలిపెను. ఆ లోపించిన పదార్థమును 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి వేరుచేసిరి. లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసినవారికి నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి సోదరులు ఇద్దరు స్ప్రూ యను గ్రహణివంటి వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధికి తరువాత ఫోలిక్ ఆమ్లమే మందైనది. నేడు గర్భవతులకు వైద్యులిచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఉండునది ఇదియే. కడుపులోని బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడుటకు అది గర్భము నిలిచిన తొలి వారములలోనే, అంతకు ముందునుండియు కూడ కావలసియుండును.

అయితే ఆకులోని ఇనుము మాంసములోని ఇనుమువలె సులభముగా వంటబట్టదు. దానికి తోడు కావలెను. ఆ తోడు పులుపులోని సి విటమిను. పొయ్యి దింపిన తరువాత కూరలో నిమ్మరసము పిండుట, భోజనము వెంట ఒక ఉసిరికాయ పచ్చడియో, జామపండో తినుట, ఇవియే ఆ ఉపాయము. సి విటమిను వేడికి నశించును గనుక నిమ్మరసమును ఉడుకుచున్న కూరలో పోయరాదు. భోజనము కాగానే కాఫీ, టీ త్రాగు అలవాటు ఆ ఇనుమును వంటబట్టనీయదు. ఒక గంట యాగి త్రాగుడు.

పాలకూరయొక్కటే చాలునని నమ్ముకొనరాదు. పాలకూరలోను, బచ్చలిలోను ఆక్సాలికామ్లము ఎక్కువ. అది అందలి సున్నమును శరీరమునకు చేరనీయదు. అందుచేతనే ఆకులను మార్చి మార్చి వండవలెను. మూత్రపిండములలో రాళ్లు కలవారు మాత్రము ఏ ఆకు తినవచ్చునో తమ వైద్యుని అడిగి తెలిసికొందురు గాక.

"పెరటిచెట్టు మందునకు పనికిరాదు" అను సామెత మునగ విషయమున అక్షరాల నిజమైనది. కాడలు కోసికొని ఆకును రాల్చివేయుదుము. ఆషాఢమాసమున మునగాకు తినవలెనని పెద్దలు చెప్పినది విని ఆ నెలలో ఒకసారి వండి ఊరకుందుము. ఇనుము, సున్నము, కెరోటిను మూడును గల ఆ ఆకు సంవత్సరము పొడుగున దొరకును. పెరడున్నవారు ఒక మునగకొమ్మ నాటిన చాలును. మేడయిండ్లలో నుండువారు వెడల్పుతొట్టిలో తోటకూర విత్తనములు చల్లినచో నెల తిరుగకమునుపే కోతకు వచ్చును. బచ్చలితీగ ముక్క గ్రుచ్చినను బ్రతుకును.

వండుటలో పోగొట్టుకొనునవి

కొనితెచ్చిన సారమంతయు తూములో పారబోయువారు కలరు. కూరలను ముందు ధారనీటిలో బాగుగా కడిగి, తరువాత తరుగవలెను. తరిగి కడిగినను, తరిగిన ముక్కలను గంటలకొలది నీళ్లలో నానవేసినను నీటిలో కరగు విటమినులు పోవును. ఉడికించుటకు కొద్ది నీరు పోసి మూతపెట్టవలెను. మిగిలిన నీటిని పారబోయక చారులోనో, పప్పులోనో కలుపుకొనవలెను. ఆకుపచ్చదనము నిలుచుటకని సోడాయుప్పు వేయుట హాని. అది విటమినులను చంపును. కెరోటిను వంటబట్టుటకు కొంచెము నూనె కావలెను గాని, ముక్కలు ఈదులాడునంత నూనె అక్కరలేదు. ఇనుప మూకుడులో వండిన కూరలోనికి కొంత ఇనుము దిగునని పరిశోధకులు తేల్చిరి. అమ్మమ్మల నాటి మూకుడు అటకమీద నున్నచో దింపి తోముకొనుడు.

ఈ మాసపు వంటకములు

1. మునగాకు పెసరపప్పు కూర

కావలసినవి: ఈనెలు తీసిన లేత మునగాకు 200 గ్రాములు, పెసరపప్పు 100 గ్రాములు, ఎండుమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు ఆరు, ఆవాలు, జీలకర్ర, మినపప్పు పోపునకు తగినంత, నూనె రెండు చెంచాలు, పచ్చికొబ్బరి కోరు రెండు చెంచాలు, పసుపు, ఉప్పు, నిమ్మకాయ ఒకటి.

చేయు విధము: పెసరపప్పును అరగంట నానబెట్టి, పలుకుగా నున్నపుడే దింపవలెను. ఇనుప మూకుడులో నూనె కాచి పోపువేసి, చిదిపిన వెల్లుల్లి, మిరపకాయలు వేగిన తరువాత కడిగిన ఆకును, పసుపును వేసి ఒక నిమిషము కలియబెట్టవలెను. పిడికెడు నీళ్లు చల్లి మూతపెట్టి, సన్నని సెగమీద ఆకు మెత్తబడువరకు ఉంచవలెను. పిదప పప్పు, ఉప్పు, కొబ్బరి కలిపి రెండు నిమిషములలో దింపి, నిమ్మరసము పిండవలెను. ముదురాకు చేదిచ్చును గాన లేతాకునే యేరుకొనుడు.

2. దప్పళము

కావలసినవి: తీపిగుమ్మడి ముక్కలు, ఆనపకాయ ముక్కలు చెరి 200 గ్రాములు, ములక్కాడ ఒకటి, చిలగడదుంప ఒకటి, వంకాయలు రెండు, బెండకాయలు నాలుగు, ఉల్లిపాయలు రెండు, పచ్చిమిరపకాయలు నాలుగు, పెద్ద నిమ్మకాయంత చింతపండు, బెల్లము చిన్న ముక్క, బియ్యపుపిండి ఒక చెంచా, పసుపు, కారము, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర, పోపుసామాను.

చేయు విధము: గట్టిముక్కలైన ములక్కాడను, చిలగడదుంపను ముందుగా నీటిలో వేసి సగముడికిన తరువాత గుమ్మడి, ఆనప, వంకాయ, ఉల్లి, మిరప ముక్కలను, పసుపును వేయవలెను. బెండకాయలను నూనెలో కొంచెము వేయించి చివర కలుపవలెను. ముక్కలన్నియు ఉడికినపిదపనే చింతపండు రసము పోయవలెను. ముందే పోసినచో పులుపునకు ముక్క బిరుసెక్కి ఎంతసేపటికిని ఉడకదు. ఉప్పు, కారము, బెల్లము వేసి మరిగించి, నీళ్లలో కలిపిన బియ్యపుపిండిని పోసి చిక్కబడగనే దింపి, పోపుపెట్టి కొత్తిమీర చల్లవలెను. రాచ్చిప్ప యున్నవారు అందులో కాచినచో ఆ రుచియే వేరు.

3. బీరపొట్టు పచ్చడి

కూరకు తరిగిన బీరకాయల చెక్కును పారవేయక, లేతదైనచో కడిగి ఒక చెంచా నూనెలో కమ్మని వాసన వచ్చువరకు వేయింపవలెను. వేయించిన మినపప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర, కొంచెము చింతపండు, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బవలెను. ఒక్క కాయ రెండు వంటకములైనది.

తుది మాట

మా కోడలికి వైద్యురాలు ఇనుపమాత్రలు వ్రాసి యిచ్చినది. రక్తము అంతగా తగ్గినవారు కూరలతోనే నయము చేసికొందమని మాత్రలు మానరాదు. మాత్ర వ్యాధిని తీర్చును. కూర అది మరల రాకుండ తోడుపడును. మూడు నెలలు గడచినవి. ఆమె హీమోగ్లోబిన్ ఇప్పుడు 11 దాటినది. ఇంకను కొంత దూరము పోవలసియున్నది.

ఈ మూడు నెలలలో మా యింట మారినది ఒక్కటే. వంట కాగానే, ఎవరికిని వడ్డింపకమునుపే, ఆమె కూరను ఒక మూతగిన్నెలో తీసి వేరుగా పెట్టుచున్నాను. కొన్నాళ్లకు మా అబ్బాయి దానిని చూచి, "అమ్మా, నీ గిన్నె ఏది?" అని యడిగెను. అప్పటినుండి రెండు గిన్నెలు పెట్టుచున్నాము. ఆదివారములందు అందరము కలిసి కూర్చుండి తినుచున్నాము. ఆనాడు గిన్నెల పనియే లేదు.

మీ యింట మీరే చివర కూర్చుండువారైనచో, సిగ్గుపడక రేపటినుండి మీ గిన్నె మీరే తీసిపెట్టుకొనుడు. మీరు వడ్డించువారైనచో, మారు వడ్డింపబోవుటకు ముందు ఒక్కసారి గిన్నె అడుగును చూచి, ఇంకను తినవలసినవారు ఎందరో లెక్కించుడు.